దగ్గరికొస్తేనే వినిపించే గొంతు: సర్వైవల్ ఆటల్లో ప్రాక్సిమిటీ వాయిస్ చాట్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

డేజీ, రస్ట్ లాంటి సర్వైవల్ ఆటలు, అంటే తిండీ ఆయుధాలూ వెతుక్కుంటూ ఇతర ఆటగాళ్ల మధ్య ప్రాణాలతో మిగలాల్సిన ఆన్‌లైన్ ఆటలు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలు ఇవి. ఏ తుపాకీ మంచిది, బేస్ (మన స్థావరం) ఎక్కడ కట్టాలి అన్నవి తర్వాత. చాలామందికి ముందుండే బెరుకు ఒక్కటే: "అన్నా, ఎదురుగా ఎవడో ఉన్నాడు, మైక్ ఆన్ చెయ్యనా వద్దా?" చెయ్యమనే నేను చెబుతాను. ఎందుకో, ఎలాగో ఇక్కడ రాశాను.

ప్రాక్సిమిటీ వాయిస్ చాట్ అంటే ఏమిటి?

ఆటలో మీ పాత్ర ఎక్కడ నిలబడి ఉందో అక్కడి నుంచే మీ గొంతు వినిపించే పద్ధతి. పక్కనున్నవాడికి స్పష్టంగా వినిపిస్తుంది, వీధి అవతల ఉన్నవాడికి లీలగా వినిపిస్తుంది, ఊరి చివర ఉన్నవాడికి అసలు వినిపించదు. డిస్కార్డ్ అనే యాప్ కాల్‌లోనో, జట్టువాళ్లకే వినిపించే స్క్వాడ్ చాట్‌లోనో అయితే మీరు మ్యాప్‌లో ఏ మూల ఉన్నా మీ గొంతు ఒకేలా ఉంటుంది.

ఇంకో పెద్ద తేడా ఉంది. ఎవరు వినాలో మీరు ఎంచుకోలేరు. మీ జట్టువాడైనా, మిమ్మల్ని చంపడానికి పొదలో కూర్చున్నవాడైనా, ఆ దూరంలో ఉన్న అందరికీ వినిపిస్తుంది. ఆడేవాళ్లు దీన్ని ప్రాక్స్ చాట్ అంటారు, నేనూ అలాగే రాస్తాను.

ఇది ఎప్పటి నుంచి ఉంది?

2004లో వచ్చిన హేలో 2లోనే దగ్గరున్న శత్రువుకు మన మాట వినిపించేది. అయితే దీనికి అసలు ప్రాణం పోసింది 2012లో వచ్చిన డేజీ. న్యూజిలాండ్ సైన్యంలో పనిచేసిన డీన్ హాల్ అనే ఆయన ఆర్మా 2 అనే యుద్ధ ఆటకు మోడ్‌గా, అంటే ఉన్న ఆటకు బయటివాళ్లు చేర్చే మార్పుగా, దాన్ని తయారుచేశాడు. బ్రూనై అడవుల్లో సర్వైవల్ శిక్షణలో ఆయన పడిన అవస్థే దానికి మూలం. 2013 డిసెంబరులో డేజీ విడి ఆటగానూ, రస్ట్ మొదటి రూపంలోనూ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అమ్మకానికి వచ్చాయి. ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్‌కు ఇది 2021 డిసెంబరు దాకా లేదు. అంతవరకు పాత్ర నోటి నుంచి ముందే రికార్డు చేసిన కేకలే వచ్చేవి. 2022లో కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్ 2.0, 2025 అక్టోబరులో ఆర్క్ రైడర్స్ కూడా దీంతోనే వచ్చాయి.

సర్వైవల్ ఆటల్లో దీనికి ఇంత విలువ ఎందుకు?

ఈ ఆటల్లో మాటకు ఖర్చుంది కాబట్టి. మామూలు ఆటలో ఎంత వాగినా పోయేదేమీ లేదు. డేజీలో మీరు నోరు విప్పిన క్షణం మీరెక్కడున్నారో చెప్పేసినట్టే. చస్తే గంటల తరబడి పోగేసుకున్న బట్టలు, తిండి, తుపాకీ అన్నీ పోతాయి, ఒట్టి చేతులతో మళ్లీ సముద్రం ఒడ్డున లేస్తారు. అంత నష్టం ఎదురుగా ఉన్నా ఒకడు "అన్నా, నేను ఒక్కణ్ణే ఉన్నా, కాల్చకు" అన్నాడంటే, వాడు తన ప్రాణం మీ చేతిలో పెట్టాడన్నమాట. ఆ మాటకు అంత బరువు రావడానికి కారణం అదే.

రెండో కారణం, ఈ ఆటలు మీకు ఎదుటి మనిషితో అవసరం పడేలా కట్టినవి. పాత డేజీ మోడ్‌లో రక్తం బాగా పోతే ఎక్కించుకోవడానికి బ్లడ్ బ్యాగ్ ఉండేది, కానీ దాన్ని మీకు మీరు ఎక్కించుకోలేరు. ఇంకొకరి చెయ్యి కావాలి. చూపు మసకబారి, రంగులన్నీ వెలిసిపోయి, అడుగులు తడబడుతుంటే, మీ సంచిలో బ్లడ్ బ్యాగ్ ఉండి కూడా మీరు ఒక అపరిచితుణ్ణి పిలవాల్సిందే. ఆట తయారుచేసినవాళ్లు తీసుకున్న నిర్ణయాలన్నింటిలో నాకు దీనిమీదున్న గౌరవం ఇంక దేనిమీదా లేదు. దీని పుణ్యమా అని 2012లోనే కొందరు ఆటగాళ్లు దెబ్బతిన్నవాళ్ల దగ్గరికి వెళ్లి వైద్యం చేసే బృందాలు కట్టారు. తుపాకీ కోసం ఆటలోకి వచ్చినవాళ్లు డాక్టర్లుగా మిగిలిపోయారు.

మూడోది, మైక్ ఆన్ చేసే దాకా ఎదుటివాడు తెర మీద కదిలే ఒక బొమ్మ. గొంతు వినగానే వాడికి జలుబుందని తెలుస్తుంది, వెనకాల ఫ్యాన్ తిరుగుతోందని తెలుస్తుంది, వాడు కూడా భయపడుతున్నాడని తెలుస్తుంది. ఆ తర్వాత కాల్చడం అంత తేలిక కాదు.

దూరాన్ని బట్టి గొంతు ఎలా తగ్గుతుంది? దిక్కు ఎలా తెలుస్తుంది?

ఆరుబయట శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆటలు ఈ లెక్కను ఉన్నదున్నట్టు వాడవు, ఎందుకంటే నిజమైన గాలిలో శబ్దం పూర్తిగా సున్నా అయ్యే చోటంటూ ఉండదు. ఆటలో ఒక హద్దు పెట్టుకుని, అక్కడికి చేరేసరికి సున్నా అయ్యేలా గొంతును దించుతారు. సర్వర్ మీ మాటను ఆ హద్దులోపల ఉన్నవాళ్లకే పంపడం సరైన పద్ధతి. అందరికీ పంపి ఎదుటి కంప్యూటర్‌లో నొక్కేస్తే, దొంగ ప్రోగ్రాములు పెట్టుకున్నవాడు మ్యాప్ మొత్తం వినేయగలడు.

దిక్కు సంగతి మన చెవులదే. కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి ఒక మిల్లీసెకను కంటే తక్కువ ఆలస్యంగా చేరుతుంది, కొంచెం మెత్తబడి కూడా చేరుతుంది. ఆట ఆ తేడాను రెండు ఇయర్‌ఫోన్లలో సృష్టిస్తుంది. అందుకే ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆడితే ఎవడు ఏవైపు ఉన్నాడో ఎప్పటికీ తెలియదు. వంద రూపాయల ఇయర్‌ఫోన్ అయినా సరే, రెండు చెవులకీ పెట్టుకోండి.

డేజీలో గుసగుస, మామూలు మాట, కేక అని స్థాయి మార్చుకోవచ్చు. గ్యాస్ మాస్క్ వేసుకుంటే గొంతు మూసుకుపోయినట్టు వస్తుంది. ఎవరైనా మిమ్మల్ని పట్టుకుని నోట్లో గుడ్డ కుక్కితే మూలుగు తప్ప మాట బయటికి రాదు. సీ ఆఫ్ థీవ్స్‌లో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకు వినిపించేలా గొట్టం లాంటి బాకా ఉంటుంది, రస్ట్‌లో మెగాఫోన్ ఉంటుంది.

కొత్త మనిషి ఎదురైతే మొదట ఏం మాట్లాడాలి?

అందరూ అనేది "ఫ్రెండ్లీ, ఫ్రెండ్లీ". ఆ మాట అరిగిపోయింది. చంపేవాడు కూడా అదే అంటాడు. నా అనుభవంలో పనికొచ్చేది వివరం. మీరు ఎంతమంది, ఎక్కడున్నారు, చేతిలో ఏముంది, ఏం కావాలి. నాలుగు నిజాలు, నిదానంగా.

ఒకసారి నేను డేజీలో చెర్నారస్ మ్యాప్ దక్షిణ తీరాన, ఎలెక్ట్రోజావోడ్స్క్ ఊళ్లో ఉన్నాను. అంతకుముందు బావి కనపడక చెరువు నీళ్లు తాగాను, కలరా పట్టుకుంది. నా పాత్ర నాలుగు అడుగులు వేయడం, వంగి వాంతి చేసుకోవడం. ఒక ఇంట్లో దూరి తలుపేసుకున్నాను. కాసేపటికి బయట మెట్ల మీద బూట్ల చప్పుడు. చెక్క మీద రెండడుగులు వేసి ఆగిపోయింది. వాడికి నా వాంతి శబ్దం వినిపించిందని అర్థమైంది. చేతులు వణుకుతుండగా మైక్ నొక్కి ఇంగ్లీషులో చెప్పాను: "లోపల ఒక్కణ్ణే ఉన్నాను. నాకు కలరా. గొడ్డలి తప్ప ఇంకేం లేదు, అదీ కింద పడేశాను. మందు ఉంటే ఇవ్వండి, లేకపోతే పరవాలేదు, వెళ్లిపోండి."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తలుపు తెరుచుకుంది. షాట్‌గన్ గొట్టం ముందు కనిపించింది, దాని వెనక మనిషి. నేలమీద ఒక మాత్రల డబ్బా పెట్టాడు, టెట్రాసైక్లిన్. "ఒకటి వేసుకో, కాసేపాగి ఇంకోటి వేసుకో, ఒకేసారి మింగకు" అని చెప్పి నాకు వీపు పెట్టి గుమ్మంలో నిలబడ్డాడు. నాకు తగ్గేదాకా అక్కడే ఉన్నాడు. తలుపులోంచే కాల్చేద్దామని వేలు ట్రిగ్గర్ మీద పెట్టాననీ, "గొడ్డలి కింద పడేశాను" అన్న మాటకు ఆగాననీ వెళ్లేముందు చెప్పాడు. నేను ఫ్రెండ్లీ అని అరిచి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఇంకో రెండు సంగతులు. చెట్టు చాటునో గోడ చాటునో ఉండి మాట్లాడండి, బయట నిలబడి మాట్లాడకండి. వాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకండి. భయంలో ఉన్న మనిషి మాట పూర్తి కానివ్వకపోతే ఆ భయం వేలికి దిగుతుంది.

మాట ఇచ్చి వెన్నుపోటు పొడిస్తే?

పొడుస్తారు. నన్ను చాలాసార్లు పొడిచారు. రెండు గంటలు కలిసి నడిచి, నా డబ్బాలో బీన్స్ సగం తిని, నేను నిచ్చెన ఎక్కుతుంటే వెనక నుంచి కాల్చినవాడు ఉన్నాడు. ఆ రోజు కంప్యూటర్ కట్టేసి పడుకున్నాను, నిద్ర పట్టలేదు.

ఆట నియమాల ప్రకారం అది తప్పు కాదు, రిపోర్ట్ కొట్టాల్సిన పనీ లేదు. ద్రోహం జరిగే వీలుంది కాబట్టే నమ్మకానికి విలువ వచ్చింది. అలాగని నేను ఎవరికీ మాటిచ్చి తప్పను. కాల్చాలనుకుంటే మాట్లాడకుండా కాలుస్తాను. మాట్లాడాక కాల్చను. సర్వర్‌లో పదిమంది ఈ ఒక్క పద్ధతి పాటిస్తే చాలు, అక్కడ కొత్తవాళ్లు నోరు విప్పడం మొదలుపెడతారు. నేను ఆడిన ఒక చిన్న సర్వర్‌లో ఇది కళ్లారా చూశాను.

గోడల వెనక మాట్లాడితే బయటికి వినిపిస్తుందా?

రస్ట్‌లో వినిపిస్తుంది. బేస్ లోపల కూర్చుని "సల్ఫర్ ఏ పెట్టెలో పెట్టావురా" అని ప్రాక్స్ చాట్‌లో అడిగితే బయట గోడకు చెవి ఆనించి ఉన్నవాడికి రెయిడ్ (బేస్ బద్దలుకొట్టి దోచుకోవడం) ఎటునుంచి చెయ్యాలో మీరే చెప్పినట్టు. తలుపు కోడ్ గట్టిగా చెప్పుకుని బేస్ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. లోపలి సంగతులు టైప్ చేసుకోండి.

మేం నలుగురం డిస్కార్డ్‌లో ఉండి ఆడతాం. తప్పా?

తప్పేం లేదు, రూల్స్ ఒప్పుకునే చోట. కానీ ఒక సంగతి గమనించండి. నలుగురూ డిస్కార్డ్‌లో నవ్వుకుంటూ, ఆటలో మాత్రం మౌనంగా నడుస్తుంటే, ఎదురుపడ్డ ఒంటరివాడికి మీరు మాట్లాడని నలుగురు ముసుగు మనుషులు. వాడు కాలుస్తాడు, లేదా పారిపోతాడు. ఒక్కరైనా ప్రాక్స్ చాట్ నొక్కి పలకరించండి.

రోల్‌ప్లే సర్వర్లలో, అంటే ఒక పాత్రలా నటిస్తూ ఆడే చోట్ల, మాత్రం బయటి కాల్ వాడటాన్ని మెటాగేమింగ్ అంటారు, బ్యాన్ చేస్తారు. జీటీఏ రోల్‌ప్లే ఆడే తెలుగు స్ట్రీమర్లను చూసినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. ఊరి అవతల ఉన్న స్నేహితుడికి సంగతి చెప్పాలంటే ఆటలోని ఫోన్ తియ్యాలి, లేదా కారెక్కి వెళ్లాలి.

డిస్కార్డ్ లేకుండా నలుగురూ ప్రాక్స్ చాట్ మీదే ఒక వారం ఆడి చూడండి. కొండెక్కుతున్నప్పుడు వెనకబడ్డవాడి గొంతు మెల్లగా సన్నబడుతుంది. "ఆగండ్రా" అన్న మాట గాలిలో కలిసిపోతుంది. అప్పుడు ఆగి వెనక్కి చూస్తారు.

రాక్షసులూ దెయ్యాలూ కూడా మన మాట వింటాయా?

కొన్ని ఆటల్లో వింటాయి. 2020లో వచ్చిన ఫాస్మోఫోబియాలో దెయ్యం మీ గొంతును గుర్తుపట్టి ప్రశ్నలకు జవాబు కూడా ఇస్తుంది. 2023 అక్టోబరులో వచ్చిన లీథల్ కంపెనీలో కళ్లులేని కుక్కలుంటాయి. వాటికి వినికిడే చూపు. పక్కన అది తిరుగుతుంటే మైక్ మీద దగ్గినా మీదికొస్తుంది.

ఆ ఆటలో నన్ను కదిలించేది వేరే. స్నేహితుడు చనిపోతే తెరమీద ఏ ప్రకటనా రాదు. వాడు చీకటి గదిలోకి వెళ్తూ ఏదో చెబుతుంటాడు, "ఇక్కడ ఒక పెద్ద గంట ఉందిరా, మొయ్య..." అని మాట మధ్యలో తెగిపోతుంది. అంతే. రెండుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. జవాబు రాదు. కబురు చేరింది.

తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది?

మీరు అనుకునేదానికంటే ఎక్కువమందికి. మన ఊళ్లలో ఉన్నవాళ్లు, బెంగళూరు, చెన్నైల్లో ఉన్నవాళ్లు, సింగపూర్‌లోనో గల్ఫ్‌లోనో పనిచేస్తూ రాత్రిళ్లు ఆడేవాళ్లు అందరూ పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) తక్కువ వచ్చే ఆసియా సర్వర్ల మీదే కలుస్తారు.

ఒక రాత్రి రస్ట్‌లో రాయి కొడుతున్నాను. బండ అవతల ఎవడో కొడుతున్న చప్పుడు. విల్లు తీశాను. అంతలో వాడి మైక్ తెరిచి ఉండిపోయినట్టుంది, కుక్కర్ విజిల్ వినిపించింది, ఆ వెంటనే దూరం నుంచి ఒక ఆడమనిషి గొంతు: "ఒరేయ్, అన్నం చల్లారిపోతోందిరా!" విల్లు దించేశాను. "తెలుగా అన్నా?" అన్నాను. కాసేపు నిశ్శబ్దం. "ఆయ్, మాది అమలాపురం అండి. మీరెక్కడ?" అన్నాడు బండ వెనక నుంచే.

రస్ట్‌లో ఆట మూసేసినా మన ఒళ్లు అక్కడే నిద్రపోతూ పడి ఉంటుంది, ఎవరైనా వచ్చి దోచుకోవచ్చు, చంపొచ్చు. "పోయి తినేసి రా తమ్ముడూ, నీ బాడీకి నేను కాపలా ఉంటా" అన్నాను. నమ్మి వెళ్లాడు. ఇరవై నిమిషాలు ఆ కుర్రాడి నిద్రపోయే బొమ్మ పక్కన చలిమంట వేసుకుని నిలబడ్డాను. తిరిగొచ్చి మొదటి మాట, "ఉన్నారాండీ?" అప్పటినుంచీ కలిసే ఆడుతున్నాం.

ముఖం తెలియనివాళ్లను ఎలా పిలవాలి అని కూడా అడుగుతారు. "అన్నా" ఎక్కడైనా చెల్లుతుంది. "రా" అని మొదలుపెట్టకండి, అవతల ఉన్నది మీ నాన్నగారి వయసాయన కావచ్చు. గొంతు ఆడవాళ్లదైతే "అండీ" చాలు, మీకంటే పెద్దవారని తెలిశాక "అక్కా" అనొచ్చు.

నేను అమ్మాయిని. మైక్ ఆన్ చెయ్యగానే చెత్తగా మాట్లాడుతున్నారు. ఏం చెయ్యాలి?

ముందుగా, మీరు మైక్ ఆపేసుకోవాల్సిన పని లేదు. తప్పు అవతలివాళ్లది. మ్యూట్ చెయ్యండి, రిపోర్ట్ చెయ్యండి, వీలైతే క్లిప్ సేవ్ చేసి సర్వర్ అడ్మిన్‌కు పంపండి. అడ్మిన్లు చురుగ్గా ఉండే కమ్యూనిటీ సర్వర్లలో ఆడండి, పెద్ద బహిరంగ సర్వర్ల కంటే అవి చాలా నయం. ఆర్క్ రైడర్స్‌లో గొంతు మార్చే సౌకర్యం ఆటలోనే ఇచ్చారు. బయటి వాయిస్ ఛేంజర్లు కూడా ఉన్నాయి. మా గ్రూపులో ఒక అక్క చాలాకాలం అది వాడారు. తర్వాత తీసేశారు, "నా గొంతుతోనే ఆడతాను" అన్నారు. రెండూ ఆవిడ ఇష్టమే.

మాట లేకుండా సైగలతో, పింగ్‌లతో (ఆటలో ఒక చోటును గుర్తు పెట్టి చూపడం) కూడా చాలావరకు నడుస్తుంది. డేజీలో చెయ్యి ఊపడం, చేతులు పైకెత్తి లొంగిపోవడం ఉన్నాయి. మాట రానివాళ్లు, వినపడనివాళ్లు కూడా ఈ సైగలతో మాతో ఆడతారు.

ఇక పక్కన నిలబడి వింటున్న మగవాళ్లకు ఒక మాట. మీ జట్టువాడు అలా మాట్లాడినప్పుడు నవ్వకండి. "ఆపరా" అని ప్రాక్స్ చాట్‌లోనే, ఆవిడకు వినపడేలా అనండి. ఫోన్ నంబరు, ఇన్‌స్టా కోసం వెంటపడటం, బెదిరించడం ఆట దాటి వస్తే అది నేరం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు, మహిళా హెల్ప్‌లైన్ 181.

మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఈ ఆటలు ఆడనివ్వొచ్చా?

డేజీ, రస్ట్ పెద్దవాళ్ల ఆటలు. హింస సంగతి అటుంచి, వాయిస్‌లో వచ్చే మాటలను ఏ ఫిల్టరూ ముందుగా ఆపలేదు. 2023లో కాల్ ఆఫ్ డ్యూటీ టాక్స్‌మాడ్ అనే యంత్రంతో వాయిస్‌ను పరిశీలించడం మొదలుపెట్టింది, కానీ అది అన్న మాటను తర్వాత పట్టుకునేది. పన్నెండేళ్లకు వద్దనే నా సలహా. తెలిసిన పిల్లలతో మాత్రమే ఉండే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టివ్వండి. స్పీకర్ మీద ఆడమనండి, అటూ ఇటూ తిరుగుతూ మీకూ వినబడుతుంది. ఊరు, బడి పేరు, నాన్న ఉద్యోగం చెప్పకూడదని ముందే చెప్పండి. ఎవరైనా ఇబ్బంది పెడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

నేను స్ట్రీమ్ చేస్తాను. ఎదురైనవాళ్ల గొంతు రికార్డ్ అవుతుంది కదా?

అవుతుంది. పలకరించాక "లైవ్‌లో ఉన్నాను" అని ఒక్క మాట చెప్పండి. వద్దంటే వాళ్ల గొంతు మ్యూట్ చేసి ఆడండి. పిల్లల గొంతైతే క్లిప్పులు కట్ చేసి పెట్టకండి.

డేటా ఎంత అవుతుంది?

చాలా తక్కువ. ఇప్పుడు వాయిస్‌కు ఎక్కువగా వాడేది 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ అనే కోడెక్, అంటే శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి. మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా చేసి పంపుతుంది. సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున లెక్కేస్తే ఒక గొంతు గంటసేపు ఆపకుండా మాట్లాడినా 15 ఎంబీ లోపే. మాట తెగుతోందంటే సాధారణంగా డేటా వేగం తక్కువై కాదు, వైఫై సిగ్నల్ ఊగిసలాడుతూ ముక్కలు దారిలో పోవడం వల్ల. రూటర్ పక్కన కూర్చోండి, లేదా వైరు వేసుకోండి. పుష్ టు టాక్ (బటన్ నొక్కినప్పుడే మైక్ పనిచేసే సెట్టింగు) తప్పకుండా పెట్టుకోండి.

మైన్‌క్రాఫ్ట్‌లో ప్రాక్స్ చాట్ ఎలా పెట్టుకోవాలి?

ఆటలో సొంతంగా లేదు. జావా ఎడిషన్‌కు సింపుల్ వాయిస్ చాట్ అనే మోడ్ ఉంది. సర్వర్‌లోనూ, ఆడే ప్రతివాళ్ల కంప్యూటర్‌లోనూ వేసుకోవాలి. మామూలుగా 48 బ్లాకుల దూరం దాకా వినిపిస్తుంది, సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. చాలామంది ఆగిపోయేది ఒక్కచోటే: వాయిస్ కోసం 24454 అనే యూడీపీ పోర్టు (సర్వర్‌లోకి డేటా వచ్చే ఒక దారి) వేరుగా తెరవాలి. అది తెరవకపోతే ఆట నడుస్తుంది, గొంతు మాత్రం రాదు, మూలన ప్లగ్ ఊడిన గుర్తు కనిపిస్తూ ఉంటుంది. అద్దె సర్వర్ అయితే ఈ పోర్టు ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే అడగండి. అన్నీ అయ్యాక ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు మాట్లాడుతూ వెనక్కి నడవండి. గొంతు సన్నబడుతూ పోతే సరిగ్గా పెట్టినట్టే.